మేస్త్రి ఎంచుకున్న కంపైలరు

ఆ అచ్చాఫీసులో సిరా వాసన రాదు. అక్కడ అచ్చయ్యేవి వేళ్ళతో చదివే పుస్తకాలు. దళసరి కాగితం మీద నలభై ఉక్కు పిన్నులు టకటకా పొడుచుకుంటూ పోతే రెండో వైపు చుక్కలు ఉబ్బుతాయి. ఆ చుక్కలే అక్షరాలు. చూపులేని పిల్లల బడులకు పాఠ్యపుస్తకాలు ఇరవై ఆరేళ్ళుగా అక్కడి నుంచే వెళుతున్నాయి. యంత్రం ఒక్కటే. బీరువాను నేలమీద పడుకోబెట్టినంత ఉంటుంది. అది నడుస్తున్నంతసేపూ ఆ గదిలో పిడుగు పడినా తెలియదు.

ఆ గదిలో మనుషులు ముగ్గురు. కాగితం పెట్టే పెద్దమనిషిని అందరూ బాబాయి అంటారు, పై అధికారులతో సహా. మూలన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, అచ్చయిన ప్రతి పేజీనీ వేళ్ళతో తడిమి తప్పులు పట్టే ఆవిడ ప్రూఫమ్మ. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. ఆవిడ ముద్ర పడితేనే పేజీ బైండింగుకు వెళుతుంది. మూడో మనిషి మేస్త్రి.

మేస్త్రి చదివింది పదో తరగతి. ఫిట్టరుగా చేరాడు. చేరిన నాలుగేళ్ళకు, యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ మూతబడింది. యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము రోజుకు రెండుసార్లు బిగుసుకుపోయేది. ఫోను చేస్తే ఎత్తే నాథుడు లేడు. అప్పుడు మేస్త్రి ఓ నిఘంటువు కొనుక్కుని, మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాడు. ఏడాదిన్నర పట్టింది. బోల్టు విప్పి బిగించినట్టే, ఒక్కో వాక్యం విప్పి బిగించి నేర్చుకున్నాడు.

అతనికి అర్థమైంది ఇది. ఆ ప్రోగ్రాము లోపల ముగ్గురు పనివాళ్ళుంటారు. వాళ్ళనే థ్రెడ్లంటారు. ఒకడు పాఠం చదువుతాడు, ఒకడు కాగితం లాగుతాడు, ఒకడు పిన్నులు కదుపుతాడు. ఒకడి పనికి ఇంకొకడు అడ్డం పడకుండా, పిన్నులు కిందికి దిగినప్పుడు కాగితం కదలకుండా, వాళ్ళ మధ్య తాళాలు వేసి తీసే పెత్తనం ప్రోగ్రాములో ఇంకో ముక్కది, దాన్ని థ్రెడింగ్ లైబ్రరీ అంటారు. దాన్ని ఎవరో దూరదేశపాయన రాసి, ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్లో పెట్టాడు. పిన్నులు కదిపే ముక్కను మాత్రం మూతబడిన కంపెనీయే రాసింది. దాని మూలం, అంటే మనిషి చదవగలిగే అసలు రాత, ఎవరి దగ్గరా లేదు. కట్టేసిన మూట లాంటి ఒక ఫైలు మిగిలింది, అంతే.

బిగుసుకుపోవడానికి కారణం లైబ్రరీలో దొరికింది. మేస్త్రి పదకొండు వరసలు సరిచేసి ఆ దూరదేశపాయనకు పంపాడు. ఆయన బాగుందన్నాడు. ఇంకోటి పంపాడు. అదీ బాగుందన్నాడు. మూడో ఏడు ఆయన నుంచి ఉత్తరం వచ్చింది: “నేను అలసిపోయాను. ఇకనుంచి దీన్ని నువ్వే చూసుకో.” అలా పదో తరగతి చదివిన ఫిట్టరు, ముక్కూ మొహం తెలియని కొన్ని వందల మంది వాడుకునే లైబ్రరీకి సంరక్షకుడయ్యాడు. పన్నెండేళ్ళయింది. తెల్లవారి లేచి, ఆఫీసుకు వెళ్ళేలోపు గంటసేపు వచ్చిన ఫిర్యాదులు చూస్తాడు.

“మనకో సంసారం చాలదని ఇంకోటి నెత్తినెత్తుకున్నారు. ఆ సంసారంలో కాఫీ ఇచ్చేవాళ్ళు కూడా లేరు,” అంటుంది భార్య, కాఫీ పెడుతూ.

ఒకరోజు మేనేజరు యంత్రం ఆపించి ముగ్గురినీ పిలిచాడు.

“పైనుంచి కాగితం వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసెయ్యాలట. కొత్త కంప్యూటరు మీద మన యంత్రం నడిస్తే ఈ విభాగం ఉంటుంది. నడవకపోతే పుస్తకాలు బయటి సంస్థకు పోతాయి. ఆరు వారాల్లో కమిటీ వచ్చి చూస్తుంది.”

“బయటివాళ్ళ దగ్గర ప్రూఫు ఎవరు చదువుతారండీ?” అంది ప్రూఫమ్మ.

“వాళ్ళకు మనిషి అక్కర్లేదటమ్మా. కంప్యూటరే చూసుకుంటుందట.”

“కంప్యూటరుకు వేళ్ళెన్నో?” అంది ఆవిడ. బాబాయి నవ్వాడు. మేనేజరు నవ్వలేదు.

ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా వేళ్ళ కష్టం మీద అన్నం తింటున్న మనిషి. ఆ విభాగం పోతే వేళ్ళకు పని పోతుంది. ఆ సంగతి మేస్త్రికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కొత్త కంప్యూటరు వచ్చింది. పాత లైబ్రరీ దాని మీద తెరుచుకోగానే కూలబడింది. మళ్ళీ కట్టాలి. కట్టడమంటే, మనిషి రాసిన దాన్ని యంత్రం నడపగలిగేలా కంపైలరు చేత మార్పించడం. కంపైలరూ, దాని వెంట ఉండే పనిముట్లూ కలిపి ఒక సరంజామా. వడ్రంగికి రంపం, ఉలి, బాడిస ఉన్నట్టు. ఏ సరంజామాతో కట్టాలన్నదే ప్రశ్న.

మేస్త్రి ముందు మూడు ఉన్నాయి. మొదటిది యంత్రంతోపాటు డిస్కులో వచ్చిన పాత కంపైలరు. కంపెనీ తన పిన్నుల ముక్కను కట్టింది దీనితోనే. అది పాత కంప్యూటరు మీద తప్ప ఎక్కదు. దాన్ని అమ్మేవాడూ లేడు, బాగుచేసేవాడూ లేడు. రెండోది ఒక పెద్ద కంపెనీ అమ్మే కొత్త కంపైలరు. బాగానే ఉంటుంది కానీ, రెండేళ్ళకోసారి మారిపోతుంది, మారినప్పుడల్లా వాళ్ళు చెప్పినట్టు మనమూ మారాలి. మూడోది నలుగురూ కలిసి రాసి నలుగురికీ ఇచ్చిన ఉచిత కంపైలరు. దాన్ని ఎవరైనా తెచ్చుకోవచ్చు, ఎక్కడైనా కట్టుకోవచ్చు.

మేస్త్రి మనసు మొదట్నుంచీ మూడోదాని మీదే. తన పనిముట్టుకు తనే పిడి వేసుకోగలగాలన్నది అతని పట్టుదల. రేపు తను లేకపోయినా, ఎక్కడో మారుమూల ఎవరైనా ఒకడు ఎవరి అనుమతీ అడక్కుండా ఈ లైబ్రరీని కట్టుకోగలగాలి.

మర్యాదకు లైబ్రరీ వాడేవాళ్ళ చర్చాపుటలో ఒక మాట వేశాడు. వారంలో నూటపాతిక ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఒకరు మొదటిదంటే ఒకరు రెండోదన్నారు, ఇంకొకరు అసలు ఈ లైబ్రరీయే అనవసరమన్నారు. కట్టి చూసి చెప్పినవాడు ఒక్కడూ లేడు. మేస్త్రికి ఒళ్ళు మండింది. ఉత్త మాటలంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు.

ఆ గుంపులో ‘ఉడుత’ అని మారుపేరు పెట్టుకున్న మనిషి ఒకరు నాలుగు వరసలు రాశారు: “పనివాణ్ణి పని మధ్యలో రద్దు చేస్తే ఏమవుతుందో చూశారా? పాత కంపైలరుతో కట్టిన ముక్కలు రద్దయినప్పుడు గదిగదికీ వెళ్ళి దీపాలార్పి, తలుపులు వేసి బయటికొస్తాయి. ఉచిత కంపైలరుతో కట్టిన లైబ్రరీ పొమ్మంటే కిటికీలోంచి దూకేస్తుంది. ఆ రెండూ కలిస్తే దీపాలు ఆర్పేదెవరు?”

మేస్త్రి అది చదివాడు. కాసేపు ఆలోచించాడు కూడా.

కానీ ఆ అచ్చాఫీసులో ఒక పద్ధతి ఉంది. తెర మీద ‘ఆపు’ అని ఎర్ర బొత్తాం ఉన్నా దాన్ని ఎవరూ నొక్కరు. పేజీ మధ్యలో ఆపితే దళసరి కాగితం పాడవుతుంది, పేజీల వరస తప్పుతుంది. అందుకని యంత్రం వచ్చిన కొత్తల్లో బాబాయి ఒక కిటుకు కనిపెట్టాడు. ఆపాలంటే పక్కనున్న మీట ఎత్తుతాడు. కాగితం అందడం ఆగిపోతుంది. యంత్రం చేతిలో ఉన్న పేజీ పూర్తిచేసుకుని, తర్వాతి కాగితం లేదని తనంతట తనే ఊరుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా అదే అలవాటు. రద్దు అన్నది వాళ్ళ గదిలో లేని మాట.

మేస్త్రి ఉడుతకు జవాబు రాశాడు: “మా దగ్గర రద్దు అన్నది ఎప్పుడూ జరగలేదు. లేని రోగానికి మందెందుకు? మాటలాపి కట్టి చూడండి. నేను కట్టాను, నడుస్తోంది.”

నిజంగానే నడిచింది. తొమ్మిది రోజులు, రెండువేల పేజీలు. మూడో తరగతి లెక్కల పుస్తకం మొత్తం అచ్చు వేసి ప్రూఫమ్మ బల్ల మీద పెట్టాడు. ఆవిడ ఎడమచేతి చూపుడువేలు ముందు నడుస్తుంటే కుడిచేతి వేలు వెనక వచ్చేది.

మేస్త్రి బల్లమీద రెండుసార్లు తట్టి, చెవి దగ్గరకు వంగి అరిచాడు. “ఎలా ఉంది?”

“మీ అరుపా? అచ్చా?”

“అచ్చు!”

“నూట నలభయ్యో పేజీలో ఒక తప్పుంది.”

మేస్త్రి పేజీ మీదికి వంగాడు. “ఏ వరసలో?”

“ఏడు ఎనిమిదులు యాభై నాలుగట. రాసిన మాస్టారి తప్పు, మీది కాదులెండి. భయపడ్డారా?”

“మీకు పరిహాసంగా ఉంది.”

“ముద్ర కొట్టేస్తున్నా కదండీ, ఆమాత్రం ఏడిపించనివ్వండి.”

ఆ పూటే మేస్త్రి ఆ లైబ్రరీకి కొత్త అంకె వేసి, ‘పరీక్షించబడినది’ అని రాసి అందరికీ విడుదల చేశాడు.

కమిటీ వచ్చింది. ముగ్గురు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. యంత్రం మొదలైంది. పేజీలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. మేస్త్రి కొత్త కంప్యూటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురిలో పెద్దావిడ ఏదో అడిగింది. చప్పుడులో వినపడలేదు. మేస్త్రి చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ వినపడలేదు.

“ముందు దీన్ని ఆపండి, చెవులు పోతున్నాయి!” అని అరుస్తూ ఆవిడే చెయ్యి చాపి, తెర మీద ఎర్ర బొత్తాం నొక్కింది.

బాబాయి చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయింది. అప్పటికే ఆలస్యమైంది.

పిన్నులు కదిపే పనివాడు పని మధ్యలో రద్దయ్యాడు. పిన్నులు పైకి ఎత్తి, తాళం వదిలి పోవలసినవాడు ఎత్తకుండానే, వదలకుండానే పోయాడు. పదకొండు పిన్నులు కాగితంలో దిగబడి ఉన్నాయి. కాగితం లాగే రోలరు మాత్రం తన చుట్టు పూర్తిచేసింది. అంతే. కర్రపుల్లలు విరిచినట్టు వరసగా చప్పుళ్ళు వినిపించాయి. తర్వాత గదిలో ఎన్నడూ లేనంత నిశ్శబ్దం.

“ఏమైంది?” అంది ప్రూఫమ్మ తన మూల నుంచి. “ఎవరో ఒకరు చెప్పండి, ఏమైంది?”

“పిన్నులు పోయాయమ్మా,” అన్నాడు బాబాయి.

“ఒక బొత్తాం నొక్కితే పాడైపోయే యంత్రమా ఇది?” అంది పెద్దావిడ మేనేజరుతో. తప్పు ఆవిడది కాదు. ఆపడానికే పెట్టిన బొత్తాం అది. ఉడుత రాసిన నాలుగు వరసల ఉత్తరం మేస్త్రి కళ్ళముందు అక్షరం పొల్లుపోకుండా నిలబడింది.

మేనేజరు బతిమాలగా పది రోజులు గడువిచ్చారు. పది పేజీలు తప్పులేకుండా అచ్చువేసి, ప్రూఫు ముద్రతో పంపాలి. ఆ పదిరోజులయ్యాక ఇంకో మాట లేదు.

ఆ పది రోజుల్లో మేస్త్రి రెండు పనులు చేశాడు.

మొదటిది మూడు రోజుల్లో అయిపోయింది. గోడవారగా పడేసిన పాత కంప్యూటరు దుమ్ము దులిపి, డిస్కులోని పాత కంపైలరును ఎక్కించాడు. కంపెనీ ముక్క ఏ పద్ధతిలో ఇల్లు సర్దుకుని బయటికొస్తుందో, లైబ్రరీని కూడా సరిగ్గా ఆ పద్ధతిలోనే కట్టాడు. కొత్త కంప్యూటరు మీద కూలబడుతున్న రెండు చోట్లా సరిచేశాడు. పిన్నులన్నీ ఊడదీసి, ఉత్త యంత్రం మీద ఎర్ర బొత్తాం వెయ్యిసార్లు నొక్కాడు. వెయ్యిసార్లూ తాళం వదిలింది, పిన్ను లేచే చోటు ఠక్కున పైకి లేచింది. మొదటే చేసి ఉంటే సరిపోయేది. అయితే అతనికి ఇంకొకటి కూడా తెలుసు. ఆ పాత కంప్యూటరు ఇవాళో రేపో పాత సామాన్లలోకి పోతుంది. దానితోపాటు ఆ కంపైలరూ పోతుంది. ఆ తర్వాత ఈ లైబ్రరీని ఇలా కట్టడం లోకంలో ఎవరి వల్లా కాదు. కరెక్టయిన సరంజామా చచ్చిపోయినది, బతికున్న సరంజామా ఈ యంత్రానికి పనికిరానిది. ఇందులో మంచి ఎంపిక అన్నది మొదట్నుంచీ లేనేలేదు.

రెండో పని పిన్నులు. మిగులు మూడే ఉన్నాయి. ఇంకా ఎనిమిది కావాలి. ఎక్కడా తయారుకావు. లేతు పని చేసే బావమరిది దగ్గరికి వెళ్ళాడు.

బావమరిది ఒక మంచి పిన్నును వెలుతురుకు పెట్టి చూశాడు. గోటితో గీరాడు.

“బావా, ఆకారం అడిగితే వెంట్రుకంత తేడా లేకుండా దింపేస్తా. గట్టిదనం నా చేతిలో లేదు. ఈ ఉక్కు వేరు.”

“కాల్చి నూనెలో ముంచితే?”

“ముంచుతా. పైపైన గట్టిపడుతుంది. ఎన్ని దెబ్బలకు తట్టుకుంటుందో చెప్పలేను.”

“పది పేజీలకు తట్టుకుంటే చాలు.”

బావమరిది అతని మొహం వైపు చూశాడు. “ఆ తర్వాతో?” అన్నాడు. మేస్త్రి విరిగిన పిన్నుల పొట్లం బల్లమీద పెట్టాడు. బావమరిది పొట్లం అందుకున్నాడు. రెండ్రోజులు వచ్చిన బేరాలు పక్కన పెట్టి, ఎనిమిది పిన్నులు చేసిచ్చాడు. చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయి.

తొమ్మిదో రోజు పది పేజీలు అచ్చు వేశారు. మొదటి మూడూ దిట్టంగా వచ్చాయి. నాలుగో పేజీ నుంచి కొత్త పిన్నుల తలలు అణగడం మేస్త్రి కంటికే కనిపించింది. పదీ అయ్యాక ప్రూఫమ్మ బల్ల మీద పెట్టాడు. మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు.

ఆవిడ మూడు పేజీలు చదివి పక్కన పెట్టింది. నాలుగో పేజీలో వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఆగింది.

“ఇది చుక్క కాదండీ, మొటిమ. ఇక్కడుందో లేదో తెలియట్లేదు. ఒక చుక్క లేకపోతే అక్షరమే మారిపోతుంది.”

మేనేజరు గొంతు తగ్గించాడు. “అమ్మా, పదే పేజీలు. కమిటీలో వేళ్ళతో చదివేవాళ్ళు ఎవరూ లేరు. మీ ముద్ర చూస్తారు, అంతే. ముద్ర పడితే మీరుంటారు, బాబాయి ఉంటాడు, మేమందరం ఉంటాం. తర్వాత నెమ్మదిగా మంచి పిన్నులు వెతుక్కుందాం.”

“దొరుకుతాయా?”

మేనేజరు ముద్ర ఉన్న సొరుగు వైపు చూశాడు.

ఆవిడ మేస్త్రి నిలబడ్డ వైపు మొహం తిప్పింది. “మీరు చెప్పండి మేస్త్రిగారూ. ఈ పిన్నులతో పుస్తకం మొత్తం వేస్తే ఎలా వస్తుంది?”

“ఇంతకన్నా అన్యాయంగా వస్తుంది.”

“ముద్ర వెయ్యమంటారా?”

మేస్త్రికి ఆ క్షణంలో ఔననాలనిపించింది. ఇల్లు, భార్య పెట్టే కాఫీ, ఈ గది, ఈ చప్పుడు అన్నీ నోటిదాకా వచ్చాయి. ‘పరీక్షించబడినది’ అని తను ఒకసారి వేసిన ముద్ర కూడా గుర్తొచ్చింది.

“వద్దండీ,” అన్నాడు.

ఆవిడ తల ఊపి, మిగతా ఆరు పేజీలు కూడా ఓపిగ్గా చివరిదాకా చదివింది. ఎక్కడెక్కడ ఏ అక్షరం పోయిందో మేనేజరు చేత రాయించింది. ముప్ఫై ఏడు తప్పులు. ముద్ర సొరుగులోనే ఉండిపోయింది.

విభాగం ఎత్తేశారు. యంత్రాన్ని ముక్కలుగా విప్పి తీసుకెళ్ళారు. బోల్టులు పాడుచేస్తున్నారని మేస్త్రి చూడలేక, తనే పానా తెచ్చి విప్పి ఇచ్చాడు. బాబాయి పదవీ విరమణకు అయిదు నెలలు ముందే ఇంట్లో కూర్చున్నాడు. మేస్త్రిని లిఫ్టుల దగ్గర వేశారు. ప్రూఫమ్మను కింది అంతస్తులో ఫోన్లు కలిపే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

మేస్త్రి చర్చాపుటలో రాశాడు: “నేను విడుదల చేసింది వాడకండి. రద్దు చేస్తే తాళం వదలదు. ఉడుత ముందే చెప్పారు, నేను వినలేదు.” పాత కంపైలరుతో కట్టినదాన్ని, ఎలా కట్టాడో వివరంగా రాసి పక్కనే పెట్టాడు. ఇంకెవరికీ అక్కరకు రాదని తెలిసీ పెట్టాడు. మరుసటి ఉదయం ఉడుత నుంచి ఒక వరస వచ్చింది: “ఎవరికైనా దెబ్బ తగిలిందా?”

మేస్త్రి “పదకొండు పిన్నులు,” అని మాత్రం రాసి, కంప్యూటరు ఆపేసి, కాఫీ చల్లారిపోయిందని భార్య అంటున్నా వినకుండా లిఫ్టుల పనికి వెళ్ళిపోయాడు.

బడులు తెరిచే వారం బయటి సంస్థ నుంచి పుస్తకాల కట్టలు వచ్చాయి. ఎవరో ఒక కట్ట ఫోను బల్ల పక్కన దించి వెళ్ళారు. మధ్యాహ్నం లిఫ్టు గదిలో ఫోను మోగింది.

“మేస్త్రిగారూ, నేను,” అంది ప్రూఫమ్మ. “రెండో తరగతి వాచకం చేతికి తగిలింది. మొదటి పేజీలోనే రెండు తప్పులున్నాయి.”

“మీరు సరిగ్గా చూశారా?”

“నాలుగుసార్లు చూశా.”

“ఎవరికైనా చెప్పారా?”

“ఎవరికి చెప్పాలో అడుగుదామనే మీకు చేశా.”

మేస్త్రి ఆలోచించాడు. మేనేజరు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. కమిటీ పని అయిపోయింది. పుస్తకాలు అప్పటికే బండ్లకెక్కుతున్నాయి.

“తెలియదండీ,” అన్నాడు.

అవతల ఇంకో ఫోను మోగుతోంది. “ఉండండి, లైనొచ్చింది,” అని ఆవిడ పెట్టేసింది.